అక్కడా ఇదే ఇనుమా?

భిలాయి క్యాంప్ 1లో పెరిగిన పిల్లలకు రాత్రి ఆకాశమంటే సగం నలుపు, సగం నారింజ. ఉక్కు ప్లాంటులో స్లాగు, అంటే కరిగిన మడ్డి, కుమ్మరించినప్పుడల్లా ఆ మూల ఆకాశం ఎర్రబారేది. ఎవరో పెద్ద పొయ్యి మీద మూత తీసినట్టు వెలుగు గుప్పున లేచి, కాసేపటికి సద్దుమణిగేది. అప్పటిదాకా చుక్కలు కనబడేవి కావు. అలాంటి ఒక రాత్రి వీధిలో నులకమంచం మీద పడుకుని అడిగాను: "సూర్యుడిలో కూడా ఇనుముందట. ఎవరెళ్ళి చూశారు పెదనాన్నా?"

"ఎవులూ ఎల్లక్కర్లేదురా. నాను మాత్రం కొలిమిలోకి దిగి సూత్తన్నానా ఏటి?"

పెదనాన్న ప్లాంటు ల్యాబులో పనిచేసేవాడు. ఆ ప్లాంటు కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు. ఆ తర్వాతి ఏళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలెక్కి వచ్చినవాళ్ళలో ఆయనొకడు. ఆ రాత్రి ఆయన విసుగ్గా అన్న మాటలో ఎంత భౌతికశాస్త్రముందో నాకు తెలియడానికి పాతికేళ్ళు పట్టింది.

ఉక్కు కర్మాగారం ల్యాబులో జరిగే పని ఇది. కరిగిన ఉక్కులో గొట్టంలాంటిది ముంచి చిన్న బిళ్ళ తీస్తారు. తోకతో సహా అచ్చం పుల్ల ఐసులా ఉంటుంది కాబట్టి దాన్ని లాలీపాప్ అంటారు. ముఖం నున్నగా అరగదీసి స్పెక్ట్రోమీటర్ మీద బోర్లిస్తారు. ఆర్గాన్ వాయువులో టకటకమని నిప్పురవ్వలు. బిళ్ళ మీద నల్లటి మచ్చ పడుతుంది. నిమిషం లోపు తెర మీద కార్బన్ ఇంత, మాంగనీసు ఇంత, గంధకం ఇంత అని లెక్క వచ్చేస్తుంది. ఆ మిషను చూసేది లోహాన్ని కాదు, నిప్పురవ్వకి లోహం ఆవిరైనప్పుడు వచ్చిన వెలుగుని.

ఇందులో మాయేమీ లేదు. పప్పు పొంగి గ్యాస్ స్టవ్ మీద పడితే నీలి మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారుతుంది కదా, అది ఉప్పులోని సోడియం పని. పరమాణువులో ఎలక్ట్రాన్లకు మెట్లుంటాయి. పై మెట్టు నుంచి కింది మెట్టుకి దిగినప్పుడు ఆ ఎత్తుకి తగ్గ రంగు బయటికొస్తుంది. ఏ మూలకం మెట్లు దానివే. వెలుగుని విడదీస్తే ఆ రంగులు గీతల్లా పడతాయి: సోడియానికి పసుపులో జంట గీతలు, ఇనుముకి వేల గీతలు. ఇనుము వెలుగుని విడదీసి చూస్తే కిక్కిరిసిన జనాభా లెక్కల జాబితాలా ఉంటుంది.

జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ 1814లో సూర్యకాంతిని విడదీసి వందల నల్లటి గీతలు చూశాడు. అవెందుకున్నాయో ఆయనకు తెలియదు. 1859లో కిర్కాఫ్, బున్సెన్ హైడెల్‌బెర్గ్‌లో గుట్టు విప్పారు. వేడి వాయువు ఏ రంగులు వెదజల్లుతుందో, తన వెనకనుంచి వచ్చే కాంతిలో అవే రంగుల్ని మింగేస్తుంది. కిర్కాఫ్ ఇనుము గీతల్నీ సూర్యుడి నల్ల గీతల్నీ పక్కపక్కన పెడితే దాదాపు 60 గీతలు సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అది కాకతాళీయం కావడానికి అవకాశమెంతో కూడా ఆయన లెక్కేశాడు: ఒకటి పక్కన 18 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతు కన్నా తక్కువ. పదిహేను కోట్ల కిలోమీటర్ల అవతలి ఇనుము, మన ల్యాబులో ఇనుములాగే మెట్లు దిగుతోంది. భౌతిక నియమాలు అక్కడా ఇవేనా అన్న ప్రశ్నకి ఆకాశం నుంచి అందిన తొలి గట్టి సాక్ష్యాల్లో ఇదొకటి.

తరవాతి అధ్యాయం మన ఊళ్ళలోనే జరిగింది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగులో పసుపు గీత ఒకటి కనిపించింది. సోడియం జంట గీతలకు దగ్గరే, కానీ సరిగ్గా అక్కడ కాదు. "హీలియం గుంటూరులో పుట్టింది" అని మనం గర్వంగా చెప్పుకుంటాం గానీ కథ అంత సూటిగా లేదు. జాన్సెన్ అసలు ఘనత, గ్రహణం లేని రోజు కూడా ఆ జ్వాలల్ని చూడవచ్చని మర్నాడే నిరూపించడం. పసుపు గీతను పట్టుకుని కొత్త మూలకమని పట్టుబట్టినవాడు ఇంగ్లండులో లాకియర్. చాలామంది నమ్మలేదు. 1895లో రామ్‌జే యురేనియం ఖనిజం నుంచి తీసిన వాయువులో అదే గీత కనబడ్డాక అందరి నోళ్ళూ మూతబడ్డాయి.

గుంటూరు గ్రహణానికి మరుసటి ఏడే, 1869 గ్రహణంలో, సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలో ఏ మూలకానికీ పొసగని ఆకుపచ్చ గీత కనిపించింది. హీలియం దారిలోనే దీనికీ "కరోనియం" అని పేరు పెట్టేశారు. డెబ్భై ఏళ్ళు అది చిక్కుముడిగానే ఉంది. చివరికి గ్రోట్రియన్, ఎడ్లెన్ తేల్చిందేమిటంటే అది ఇనుమే! తన 26 ఎలక్ట్రాన్లలో సగం, అంటే 13 పోగొట్టుకున్న ఇనుము. మన కరిగిన ఉక్కు 1,600 డిగ్రీల దగ్గర ఉంటుంది. కరోనా పది లక్షల డిగ్రీలు దాటుతుంది. పరిస్థితి మారింది, నియమం కాదు.

ఈ తేడాని చాలామంది కలిపేస్తారు. సిమ్లాలో కుక్కరు లేకుండా పప్పు త్వరగా ఉడకదు, చంద్రుడి మీద మనిషి బరువు ఆరో వంతు. ఇవి నియమం మారడం కాదు. అదే నియమంలోకి వేరే అంకెలు పడ్డాయంతే. బుధుడి కక్ష్య న్యూటన్ లెక్కకి నూరేళ్ళకు 43 వికలలు తప్పుతోందని తెలిసినప్పుడు కూడా, సూర్యుడి దగ్గర నియమం వేరేమో అని ఎవరూ సరిపెట్టుకోలేదు. కనబడని గ్రహాన్ని వెతికారు, దొరకలేదు. 1915లో ఐన్‌స్టైన్ వచ్చి న్యూటన్ సూత్రం అక్కడే కాదు, ఎక్కడైనా కాస్త తక్కువేనన్నాడు. నా మటుకు ఇది "నియమాలన్నిచోట్లా ఒకటే" అనే మాటకి దెబ్బ కాదు, బలం.

ఇంకొంచెం దూరం పోదాం. 1987 ఫిబ్రవరిలో, 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలోని పెద్ద మెజెల్లానిక్ మేఘంలో ఒక నక్షత్రం పేలిపోవడం కనిపించింది. నెలలు గడిచేకొద్దీ దాని వెలుగు తగ్గింది, కానీ ఇష్టమొచ్చినట్టు కాదు. దాదాపు 77 రోజులకు సగం, మరో 77 రోజులకు అందులో సగం. భూమి మీద ల్యాబులో కొలిచిన కోబాల్ట్-56 అర్ధాయువు కూడా 77 రోజులే. ఆ కోబాల్ట్ క్షీణించి ఏమవుతుంది? ఇనుము. భిలాయిలో చేసే రైలు పట్టాల్లోని ఇనుమంతా ఎప్పుడో ఇలా పేలిపోయిన నక్షత్రాల్లో వండినదే.

అంతకన్నా దూరం, అంతకన్నా పాత కాలం కావాలంటే క్వేజార్లు, అంటే అతి ప్రకాశవంతమైన సుదూర గెలాక్సీ కేంద్రాలు. వీటిలో కొన్నింటి వెలుగు మనల్ని చేరడానికి వెయ్యి కోట్ల ఏళ్ళకు పైనే పట్టింది. దారిలో ఏదో వాయుమేఘం అడ్డొస్తే అందులోని ఇనుము, మెగ్నీషియం తమ గీతలు ఆ వెలుగు మీద గీసి పంపిస్తాయి. విశ్వం సాగడంవల్ల గీతలన్నీ ఎరుపు వైపు జరుగుతాయి. మరి పోల్చడమెలా? మా వీధి భజనలో హార్మోనియం వాయించే ఆయన గాయకుణ్ణి బట్టి శ్రుతి మార్చేవాడు. శ్రుతి మారినా మోహనం మోహనమే, ఎందుకంటే స్వరాల మధ్య ఎడం మారదు. విశ్వం సాగడం శ్రుతి మార్పు లాంటిది, గీతలన్నిటినీ ఒకే నిష్పత్తిలో జరుపుతుంది. అలా కాకుండా ఒక్క గాంధారమే పక్కకి జరిగితే? అప్పుడు అనుమానించాల్సింది ఆల్ఫాని, అంటే విద్యుదయస్కాంత బలం ఎంతో చెప్పే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకాన్ని. దాని విలువ సుమారు 1/137. ఆల్ఫా కొంచెం మారితే తేలికైన మెగ్నీషియం గీతలు దాదాపు కదలవు, బరువైన ఇనుము గీతలు బాగా కదులుతాయి. ఒకటి కట్టుకొయ్య, ఇంకొకటి ముల్లు.

1999లో జాన్ వెబ్ బృందం హవాయిలోని కెక్ టెలిస్కోపుకి చిక్కిన వెలుగులో సరిగ్గా ఈ కదలిక ఉందంది. ఒకప్పుడు ఆల్ఫా ఇప్పటికన్నా లక్షలో ఒక వంతు తక్కువట! 2004లో పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం అయుకాకి చెందిన శ్రీఆనంద్, హమ్ చంద్, పారిస్‌లోని పెటిట్‌జాన్, అరాసిల్‌తో కలిసి చిలీలోని పెద్ద టెలిస్కోపుతో అదే ఇనుము, అదే మెగ్నీషియం కొలిచి, మార్పేమీ కనబడలేదన్నారు. వాళ్ళ లెక్కలు సరిగా లేవని వెబ్ వర్గం అభ్యంతరం చెప్పింది. 2010లో వ్యవహారం ఇంకా వింతగా తయారైంది. ఆల్ఫా ఆకాశంలో ఒక పక్క ఎక్కువ, ఎదురు పక్క తక్కువ అని వెబ్ బృందమే ప్రకటించింది. నియమాలకు కూడా ప్రాంతీయ భేదం!

వీటన్నిటికన్నా ముందే భూమి కూడా ఒక సాక్ష్యం ఇచ్చింది. ఆఫ్రికాలో గాబన్ దేశపు ఓక్లో గనిలో సుమారు 200 కోట్ల ఏళ్ళ కిందట యురేనియం దానంతటదే అణు రియాక్టరులా పనిచేసిందని 1972లో బయటపడింది. ఆ బూడిదలో మిగిలిన సమేరియం లెక్క చూస్తే, అప్పటి ఆల్ఫాకీ ఇప్పటి ఆల్ఫాకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఇది ఒక్క చోటి సంగతి. ఆకాశం ఆ పక్కన ఏముందో చెప్పదు. మన దృష్టి చేరే హద్దుకి అవతలి సంగతి ఏ మేఘమూ చెప్పదు. అక్కడా ఇవే నియమాలనడం ఊహే గాని కొలత కాదు.

పెదనాన్న ల్యాబులో ఒకసారి మాంగనీసు ఉన్నట్టుండి పెరిగిందని కొత్త కుర్రాడు ఫర్నేసుకి ఫోన్ చేయబోతే, చెయ్యి పట్టుకుని ఆపాడట. "కొలిమిని తిట్టకురా, ముందు స్టాండర్డ్ కొట్టు." స్టాండర్డ్ అంటే కచ్చితంగా ఎంతుందో ముందే తెలిసిన బిళ్ళ. దాన్ని మిషను మీద పెట్టినా తప్పు అంకె వస్తే, తప్పు మిషనుదే.

2015లో విట్‌మోర్, మర్ఫీ చేసింది అదే. మర్ఫీ వెబ్ బృందం మనిషే! వాళ్ళకు తెలిసిన బిళ్ళ సూర్యుడు. గ్రహశకలాల మీద పడి తిరిగొచ్చే సూర్యకాంతిని, సూర్యుణ్ణి పోలిన నక్షత్రాల వెలుగుని ఆ రెండు టెలిస్కోపుల్లోకి పంపి, కిర్కాఫ్ నాటి నుంచి తెలిసిన గీతలు ఎక్కడ పడుతున్నాయో చూశారు. గీతలు పక్కకి జరిగాయి. కొలబద్దగా వాడే థోరియం దీపం వెలుగూ టెలిస్కోపు నుంచొచ్చే వెలుగూ పరికరంలో ఒకేలా నడవడం లేదు. ఆకాశం రెండు పక్కల తేడాలో చాలా భాగం అక్కడే పుట్టి ఉండవచ్చని తేల్చారు. చిలీలో ఎస్ప్రెస్సో అనే కొత్త పరికరంతో మర్ఫీ తదితరులు 2022లో చెప్పిన లెక్క: ఒక క్వేజార్ దారిలోని మేఘంలో ఆల్ఫా మనదే, తేడా ఉన్నా పది లక్షల్లో ఒకటి రెండు వంతులకు మించదు.