హైదరాబాదు ఫుట్‌బాల్ - ఒక ఉపాధ్యాయుని వారసత్వం

ఫుట్‌బాల్ అనగానే మనకు కలకత్తా నగరం స్ఫురించడం సహజం. అయితే ఆ కలకత్తా జట్లనే ఓడించిన నగరం ఒకటి మన తెలుగునాట ఉన్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసును? ఆ నగరం హైదరాబాదు. ఆ కీర్తికి మూలపురుషుడు ఒక బడిపంతులు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉపాధ్యాయ వృత్తి నుండి క్రీడాశిక్షణకు వచ్చి, ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును కూడా సాధించింది. ఆ జట్టులోని ఆటగాళ్లకు పోలీసు కొలువు అన్నం పెట్టింది. రహీం సాహెబు ఆట నేర్పారు.

ఆయన బోధనా పద్ధతి గమనింపదగినది. బంతిని తన కాలివద్దనే ఉంచుకొని ఒంటరిగా పరుగెత్తడాన్ని నిషేధించి ఆయన పోటీలు నడిపేవారు. బంతి అందిన వెంటనే తోటివానికి అందించడం అందువల్ల అలవాటయ్యేది. వాటం లేని కాలితోనే ఆడవలసిన పోటీలు మరికొన్ని. ఖరీదైన సాధనాలేవీ ఇందుకు అక్కరలేదు.

1950 నుండి భారత జట్టుకూ ఆయనే శిక్షకులు. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడిపోయింది. ఆ ఓటమి ఆయనకు పాఠమయినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతదేశం నాల్గవ స్థానం పొందింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్‌ల సరసన సికిందరాబాదు ప్రాంతపు తులసీదాస్ బలరాం ఉన్నారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనలులో మన జట్టు దక్షిణ కొరియాను 2-1 తేడాతో జయించింది. అప్పటికే క్యాన్సరు వ్యాధిగ్రస్తులైన రహీం సాహెబు 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఆ నగరపు మైదానాలకూ చరిత్ర ఉన్నది. 1687లో గోల్కొండ ముట్టడినాటి మొగలు సైన్యపు విడిది ఫతేమైదాన్ అయింది, అంటే విజయమైదానం. అదే 1967లో లాల్ బహదూర్ స్టేడియం అనే పేరు పొందింది. నేడు గచ్చిబౌలిలో అంతకంటె ఆధునికమైన స్టేడియం ఉన్నది. 2024 డిసెంబరు 31న అక్కడ సంతోష్ ట్రోఫీ ఫైనలు జరిగింది. ఆడినవి బెంగాలు, కేరళ జట్లు. ఒకనాడు 1956-57, 1957-58లలో ఆ ట్రోఫీ హైదరాబాదుదే! 2022లో ఇండియన్ సూపర్ లీగు గెలిచిన హైదరాబాదు ఎఫ్.సి. కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

దీనినిబట్టి మేము గ్రహించినది ఒక్కటే. కట్టడం ఆటకు నీడ నివ్వగలదు గాని ఊపిరి పోయలేదు. బలరాం, నయీముద్దీన్, హబీబ్ వంటివారు కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు. వారి వెనుక తరాన్ని తయారుచేయడానికి ప్రతి పాఠశాలలోనూ ఒక రహీం సాహెబు ఉండవలసినది.

నర్సీపట్నం వంటి ఊరిలో గచ్చిబౌలి స్టేడియం లేదని మనం చింతించనక్కరలేదు. కళాశాల కమిటీ పెద్దలు ఒక బంతినీ, సాయంకాలం ఒక గంటనూ, నేర్పే ఓపిక గల ఒక ఉపాధ్యాయునీ సమకూర్చగలరని మా మనవి. మైదానంలోకి దిగే బాధ్యత విద్యార్థులది. బంతికి ఉర్దూ, తెలుగు భేదం తెలియదు గదా!