అంగుళం సైనికుడికి వెలుగునీడలు

బల్ల మీద బొమ్మల సైన్యాలను మోహరించి, పాచికలు వేసి, టేపుతో దూరం కొలిచి ఆడే యుద్ధక్రీడ ఇంగ్లండులో శతాబ్దం దాటిన వినోదం. ప్రఖ్యాత రచయిత హెచ్.జి.వెల్స్ 1913లోనే ‘లిటిల్ వార్స్’ పేరిట ఇటువంటి ఆటకు నియమావళి రచించారు. ఆనాటి ఆటగాళ్లు రంగులతో సహా దుకాణాల్లో దొరికే సీసపు సైనికులను వాడేవారు. నేడు తీరు వేరు. నాటింగ్‌హాం కేంద్రంగా పనిచేసే గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1983లో ‘వార్‌హ్యామర్’, 1987లో ‘వార్‌హ్యామర్ 40,000’ ఆటలను విడుదల చేసింది. ఈ ఆటల బొమ్మలు సాధారణంగా ప్లాస్టిక్ ముక్కల రూపంలో, రంగు లేకుండానే చేతికందుతాయి. అతికించడం, రంగులద్దడం కొన్నవారి వంతే.

ఈ పని కేవలం అలంకారం కోసం కాదు. ‘వార్‌హ్యామర్ 40,000’ తొమ్మిదో కూర్పు 2020లో వెలువడింది. సైన్యమంతటికీ నిర్ణీత స్థాయిలో రంగులు వేసి తెచ్చిన ఆటగాడికి అందులో మొత్తం 100 పాయింట్లలో 10 కేటాయించారు. పాచిక పడకముందే పది పాయింట్లు పోగొట్టుకోవడానికి ఎవరు ఇష్టపడతారు!

నీడ పడని బొమ్మ

ఈ బొమ్మల్లో మనిషి ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి కాస్త ఎక్కువ. అసలు చిక్కు ఇక్కడే ఉంది. నిలువెత్తు మనిషి దుస్తుల మడతల్లో సహజంగానే నీడ పడుతుంది. బొమ్మ మడతల లోతు మిల్లీమీటరుకు మించదు కనుక, బల్లకు ఇవతల నిలిచిన ఆటగాడి కంటికి ఆ నీడ ఆనదు. ఒకే ఎరుపు పూసిన అంగీ ఎంత నేర్పుగా మలచినదైనా ఎర్రటి ముద్దలా కనిపిస్తుంది. కాబట్టి నీడను, వెలుగును కూడా కుంచెతోనే సృష్టించాలి. ఈ కళ మర్మమంతా ఈ ఒక్క విషయంలోనే ఉంది.

ముందుగా అచ్చు రెండు భాగాలూ కలిసిన చోట మిగిలిన గీతను చాకుతో గీకి తొలగించాలి. దీన్ని అశ్రద్ధ చేస్తే రంగు పడిన తరువాత ముఖం మీద గాటులా బయటపడుతుంది. పిదప ప్రైమర్ పూత. కొండపల్లి బొమ్మకు రంగులు వేసే ముందు తెల్లని సుద్ద పూత పూయడం మన పాఠకులకు తెలిసినదే. రంగుకు పట్టు కల్పించడమే ఇక్కడా ఉద్దేశం. స్ప్రే డబ్బాను జానెడు దూరానికి తక్కువ కాకుండా పట్టుకుని పలుచగా చల్లాలి. గాలిలో తేమ అధికంగా ఉన్న రోజున చల్లితే పూత పొడిపొడిగా తేలి బొమ్మ చెడుతుంది. కోస్తా జిల్లాల్లో ఈ పని చేపట్టేవారు ముసురు రోజులను వదులుకోక తప్పదు.

తరువాత నీటితో పలుచబరచిన యాక్రిలిక్ రంగును ఒక్కసారి చిక్కగా కాక, రెండు పూతలుగా వేయాలి. చిక్కటి రంగు గొలుసు కడియాలను, ముఖకవళికలను పూడ్చివేస్తుంది. అది ఆరాక సిరా వంటి పలుచని ముదురు రంగును ఒలకబోస్తే, అది తనంతట తానే మడతల్లోకి జారి నీడగా నిలుస్తుంది. చివరగా అసలు రంగుకన్నా లేత ఛాయను మడతల అంచులకు, మోకాళ్లకు, ముక్కుకొసకు తాకించాలి. అప్పటిదాకా నిర్జీవంగా ఉన్న అంగీకి అంతలోనే పైనుంచి ఎండ పడినట్లుంటుంది. 2019లో సిటాడెల్ పేరిట వచ్చిన ‘కాంట్రాస్ట్’ రంగులు లేత ప్రైమర్ మీద ఒక్క పూతలోనే వెలుగునీడలు రెండూ చూపుతాయి. తొందరలో ఉన్నవారికి అవి వరమే గానీ, ముఖాల వద్ద ఓపికతో చేసిన పనికి సాటిరావు.

కంటిపాప దిద్దడానికి అతిచిన్న కుంచె కావాలన్నది భ్రమ. చిన్న కుంచెలో రంగు నిలవదు, కొన బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. కాస్త లావైనా, సూదిమొన వంటి కొన గల సేబుల్ వెంట్రుకల కుంచె మేలు. ఆ కొనను నోటితో తడిపే అలవాటు కొందరిలో ఉంది. కొన్ని రంగుల్లో హానికర పదార్థాలు ఉంటాయి కనుక దాన్ని మానుకోవడమే శ్రేయస్కరం. పాత సీసపు బొమ్మలను ఆకురాయితో రాపాడేటప్పుడు ఆ ధూళి నోట్లోకి, ముక్కులోకి పోకుండా చూసుకోవాలి, పని ముగియగానే చేతులు కడుక్కోవాలి.

ఆటలో బొమ్మను పదేపదే పట్టుకోవడం వల్ల వేళ్ల చెమటకు రంగు అరుగుతుంది. అందుకే పైన మెరుపు లేని వార్నిష్ పూస్తారు. పని చెడితే రంగు తీసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అయితే ఇంట్లో ఉంది కదా అని గోళ్ల రంగు తుడిచే అసిటోన్ వాడితే మాత్రం రంగుతోపాటు ప్లాస్టిక్ సైనికుడూ కరిగిపోతాడు.