మీకు తెలుసా? బంతి దారి పట్టులోనే ఉంది

గోల్ఫ్ క్లబ్‌కు బంతి అంటుకుని ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే! దెబ్బ తగిలిందని చేతులకు తెలిసేసరికే బంతి గాల్లో ఉంటుంది. ఆ లోపు మణికట్టు తిప్పి దిద్దుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే బంతి ఎటు వంగాలన్నది చాలావరకు ఊపు మొదలవకముందే, పట్టు దగ్గరే తేలిపోతుంది.

కుడిచేతివాటం ఆటగాడు క్లబ్ పట్టుకుని కిందికి చూసుకుంటే ఎడమ చేతి మెటికలు రెండు కనబడటం మామూలు. రెండు చేతులనూ కాస్త కుడికి తిప్పితే మూడో మెటిక కూడా కనబడుతుంది. అలా పట్టుకుని కొడితే బంతిని తాకే వేళకు క్లబ్ ముఖం మూసుకుని, బంతి ఎడమకు వంగుతుంది. ఎడమకు తిప్పి పట్టుకుంటే ముఖం తెరుచుకుని బంతి కుడికి జారుతుంది. కొత్తవాళ్లను ఏడిపించే ‘స్లైస్’ ఇలాంటిదే. పట్టు ఎంత బిగించారన్నది వేరే సంగతి.

అమెరికా దిగ్గజం బెన్ హోగన్‌ది సరిగ్గా ఎదురు బాధ. ఆయన కొట్టిన బంతి ఎడమకు మరీ ‘హుక్’ అయ్యేది. ఎడమ చేతిని ఎడమకు జరిపి పట్టుకోవడం ఆయన కనిపెట్టుకున్న మందుల్లో ఒకటి. 1953లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ మూడూ ఆయనవే. ఆ కిటుకును మాత్రం 1955లో గానీ ‘లైఫ్’ పత్రికలో బయటపెట్టలేదు.

మీది ఎడమచేతివాటమైతే పైన చెప్పిన కుడి ఎడమలను తారుమారు చేసి చదువుకోండి.