కాపురమునకు డిక్రీ

భార్యగాని భర్తగాని తగిన కారణము లేక రెండవవారి సాంగత్యమును విడిచిపోయినచో, మరల వచ్చి కాపురము చేయవలసినదని డిక్రీ యిచ్చుటకు హిందూ వివాహచట్టము 9వ సెక్షను న్యాయస్థానములకు అధికార మొసంగుచున్నది. దీనికి దాంపత్యహక్కుల పునరుద్ధరణమని పేరు. పెండ్లియైన స్త్రీ మగనియింట నుండుట సనాతన ధర్మము గనుక, ఆ ధర్మమునే చట్టము కాపాడుచున్నదని మనలో పలువురి నమ్మకము. చదువుకొన్నవారును, న్యాయవాదవృత్తిలో నున్నవారిలో గొందరును సైతము ఇట్లే తలంచుచున్నారు. నిజమునకు ఈ దావా మన ధర్మశాస్త్రములలో బుట్టినది కాదు. ఇంగ్లండు దేశపు చర్చి న్యాయస్థానములలో బుట్టినది.

ఆ దేశమున వివాహవ్యవహారములు 1857 వరకును చర్చి కోర్టుల యధీనమున నుండెను. వివాహబంధమును తెంచు నధికారము ఆ కోర్టులకు లేకుండెను. తెంచ వీలులేనిచోట చేయగలిగిన దొక్కటియే: విడిచిపోయినవారిని మరల వచ్చి కలిసి యుండుమని ఆజ్ఞాపించుట. ఆజ్ఞ నుల్లంఘించినవారికి తొలుత వెలి, 1813 తరువాత ఖైదు. 1857లో ఈ యధికారము లౌకిక న్యాయస్థానమునకు సంక్రమించెను. 1884లో ఖైదుశిక్ష తొలగెను. 1970 నాటి చట్టముతో ఆ దావాయే రద్దయ్యెను. కన్నతల్లి వదలివేసిన బిడ్డను మనము దత్తు చేసికొని, మా వంశమువాడే యని చెప్పుకొనుచున్నాము.

మన శాస్త్రకారులు స్త్రీల పట్ల ఉదారులని వాదించుట నా యుద్దేశము కాదు. తన్ను ద్వేషించు భార్యకొఱకు భర్త ఒక సంవత్సరము వేచియుండి, పిమ్మట ఆమె ధనమును లాగికొని సహవాసము మానవలెనని మనువు విధించెను. ఇది కఠినమైన విధియే. అయినను ఆమెను రాజశాసనముచే నీడ్చి తెప్పింపుమని ఆయన యిచ్చట చెప్పలేదు. గురుశిష్యులు, తండ్రికొడుకులు, ఆలుమగలు, యజమానిభృత్యులు తమలో తాము పడు కలహము వ్యవహారముగా చెల్లదను స్మృతివచనమును విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో నుదాహరించి, దానికి కొన్ని మినహాయింపులు చూపెను. (ఆ మితాక్షరనే 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయ మనుపేర తెనిగించెను గనుక, తెలుగువారికిది క్రొత్తమాట కాదు.) కౌటిల్యుడు ధర్మవివాహములకు విడుదల లేదనుచునే, తక్కిన వివాహములలో పరస్పరద్వేషమే విడుదలకు చాలునని యంగీకరించెను. వీరిలో నెవ్వరును ఇష్టములేని స్త్రీని కాపురమునకు బంపుటకు న్యాయాధికారిని నియోగింపలేదు.

ఈ దావా మన దేశమున స్థిరపడుటకు 1867లో ప్రీవీ కౌన్సిలువా రిచ్చిన తీర్పు ముఖ్యాధారము. అందలి కక్షిదారులు మహమ్మదీయ దంపతులు. భార్యను కాపురమునకు రప్పించుకొనుటకై భర్త వేయు దావా ఈ దేశపు సివిలు కోర్టులలో చెల్లునని లండనులో నిశ్చయమయ్యెను. ఆ తీర్పు త్వరలోనే హిందువులకును వర్తించెను.

దాని ఫలిత మెట్టిదో బొంబాయి ప్రజలు రఖ్మాబాయి వ్యాజ్యెమున జూచిరి. ఆమెకు 11వ యేట దాదాజీ భికాజీ యనువానితో వివాహ మయ్యెను. ఆమె పుట్టింటనే పెరిగి, చదువుకొని, యుక్తవయస్సు వచ్చిన పిమ్మట అతనితో కాపురమునకు సమ్మతింపలేదు. 1884లో అతడు దావా వేసెను. 1885లో జస్టిస్ పిన్హే ఆ దావాను కొట్టివేసెను. ఇట్టి దావాలు ఇంగ్లండునుండి యీ దేశమునకు దెచ్చి నాటబడినవనియు, హిందూధర్మశాస్త్రమున వీనికి ఆధారము లేదనియు, అసలెన్నడును కలిసి యుండని దంపతుల విషయమున పునరుద్ధరించుటకు ఏమియు లేదనియు ఆయన నిర్ణయించెను. ఇష్టములేని యువతిని పురుషుని కప్పగించుట క్రూరకృత్య మని కూడ పలికెను.

ఇచ్చట చిత్ర మేమనగా, తన దేశపు దావా మీది కిక్కడ తగదని ఆంగ్లేయ న్యాయమూర్తి చెప్పగా, హిందూమతమునకు హాని వాటిల్లినదని మనవారు కోపించిరి. తిలకుగారి పత్రికలును రఖ్మాబాయి పక్షమును నిరసించెను. పరాయి వస్తువును మన పూర్వుల సొత్తని చెప్పుకొని పోరాడుట ఆనాడే యారంభమయ్యెను. 1886లో అప్పీలుకోర్టు పిన్హేగారి తీర్పును త్రోసివేసెను. 1887లో జస్టిస్ ఫారన్, నెలదినములలోగా భర్తయింటికి పోవలెననియు, పోనిచో ఆరుమాసముల ఖైదు అనుభవింపవలసివచ్చుననియు ఉత్తర్వు చేసెను. ఇంగ్లండు తన స్త్రీలకు ఏ శిక్షను మూడేండ్లకు ముందే తొలగించెనో, ఆ శిక్షనే యిచ్చట హిందూయువతికి జూపిరి. ఆమెకు అప్పుడు 22 ఏండ్లు. ఖైదుకే పోయెదనని ఆమె తెలియజేసెను. 1888లో రెండువేల రూపాయలు పుచ్చుకొని దాదాజీ రాజీపడెను. ఆమె లండనులో వైద్యవిద్య నభ్యసించి తిరిగివచ్చి, సూరతులోను రాజకోటలోను చిరకాలము వైద్యురాలుగా పనిచేసెను.

ఈ దావాకు మూలమైన భావ మొక్కటి గలదు. వివాహమునాడు ఇచ్చిన సమ్మతి యావజ్జీవము చెల్లుననునదియే అది. ఆ సమ్మతి యిచ్చిన వారెవ్వరు? విజయనగర మహారాజావారు విశాఖపట్టణము జిల్లాలోని బ్రాహ్మణ శుల్కవివాహములకు వ్రాయించిన పట్టికను గురజాడవారు కన్యాశుల్కము తొలికూర్పు పీఠికలో బేర్కొనిరి. అందు 1034 వివాహములు గలవు. వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికూనలు ముగ్గురు. వీరి సమ్మతి తండ్రుల చేతిలోనిది. శుల్కము కూడ తండ్రుల చేతిలోనిదే.

శిక్షాస్మృతియు ఈ భావమునే యనుసరించెను. భర్త తన భార్యపట్ల బలాత్కారనేరము చేయజాలడను 17వ శతాబ్ది ఇంగ్లీషు న్యాయమూర్తి హేల్‌గారి సిద్ధాంతము 1860 నాటి స్మృతిలో నొక మినహాయింపుగా జేరెను. పదేండ్లు నిండిన భార్య విషయమున భర్తకు నేరము లేదు. పదునొకండేండ్ల ప్రాయమున ఫుల్మణి యను బాలిక భర్తవలన మరణింపగా, 1890లో కలకత్తా విచారణయందు ఈ మినహాయింపు కారణముననే బలాత్కారనేరము నిలువలేదు. భర్తకు ఒక్క సంవత్సరపు కఠినశిక్ష మాత్రము పడెను. మరుసటి యేట ఆ వయస్సు 12కు పెరిగెను. 1925లో 13కు, 1949లో 15కు, 2017లో సుప్రీముకోర్టు తీర్పుచే 18కి. వయస్సు పెరిగినదేకాని మినహాయింపు పోలేదు. ఇంగ్లండు దానిని 1991లో విడనాడెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 63వ సెక్షనునందు అది నిలిచియున్నది.

మరల డిక్రీ విషయమునకు వత్తము. అట్టి డిక్రీకి ఖైదుశిక్షను 1923లో తొలగించిరి. ఆస్తిజప్తు మిగిలెను. 1955 మే 18న హిందూ వివాహచట్టము అమలులోనికి వచ్చినప్పుడు, ఈ దావా 9వ సెక్షనుగా స్వతంత్రభారతపు శాసనమయ్యెను. ఆచార్య కృపలానీ వంటివారు దీనిని నిరసించినను లాభము లేకపోయెను. అదే సంవత్సరము సెప్టెంబరులో రఖ్మాబాయి మరణించెను.

దీనిని తెలుగుదేశపు న్యాయస్థానమే యొకసారి కొట్టివేసెను. చలనచిత్రనటి సరిత వ్యాజ్యెమది. 1975లో తిరుపతిలో వివాహమగునాటికి ఆమెకు 16 ఏండ్లు, హైస్కూలు విద్యార్థిని. భర్త కడప సబుకోర్టులో దావా వేసెను. 1983 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టున జస్టిస్ పి. ఏ. చౌదరి, 9వ సెక్షను రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమని తీర్పు చెప్పెను. ఎప్పుడు, ఎవరి బిడ్డను, గర్భమున మోయవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యమును స్త్రీనుండి తీసి ప్రభుత్వమున కప్పగించుచున్నదని ఆయన హేతువు. సెక్షను మాటలలో స్త్రీపురుషులు సమానులే. కాని గర్భము ఇరువురికిని సమానము కాదు. రాజ్యాంగభాషలో నింత సూటిగా ఈ సంగతి చెప్పిన తీర్పు అంతకు మునుపు లేదనవచ్చును.

నాలుగు మాసములకే ఢిల్లీ హైకోర్టు దీనికి విరుద్ధముగా తీర్పు చెప్పెను. రాజ్యాంగమును గృహములోనికి దెచ్చుట పింగాణిసామానుల యంగడిలోనికి ఎద్దును తోలినట్లుండునని ఆ న్యాయమూర్తి యుపమించెను. ఉపమానమును గూడ ఇంగ్లండునుండియే దెచ్చుకొనవలసివచ్చెను. 1984లో సుప్రీముకోర్టు ఢిల్లీవారి పక్షమునే సమర్థించెను. వివాహమును నిలుపుటకు ఈ సెక్షను సాయపడునని వారి యభిప్రాయము. ఆ వ్యాజ్యెమున జరిగినది వేరు. భార్యయే కాపురమునకై అర్జీ వేయగా, భర్త డిక్రీకి సమ్మతించి, ఏడాది గడిచిన పిమ్మట సహజీవనము జరుగలేదని చూపి విడాకులు కోరెను. విడాకులు దొరకెను. కాపురమును నిలుపుటకని యిచ్చిన డిక్రీయే విడాకులకు మెట్టయ్యెను.

నేటి వాడుక యిదియే. ఇష్టములేని భార్యను డిక్రీ చూపి యింటికి రప్పించుకొని సుఖించిన భర్తలు అరుదు. అందుకై ఆ యర్జీ వేయువారును తక్కువయే. భార్య భరణము కోరిన వెంటనే 9వ సెక్షను అర్జీ బయలుదేరును. నేను పిలిచితిని, ఆమె రాలేదు, కావున భరణ మీయనక్కరలేదను వాదమునకు డిక్రీ యొక దస్తావేజు. ఆమె యేల పోలేదో, ఆ యింట నామె కేమి జరిగినదో విచారించుట వెనుకబడును. 2018లో లా కమిషనువారు తమ సంప్రదింపుపత్రమున ఈ సెక్షనును తొలగించుట మంచిదనిరి. 2019లో దీని చెల్లుబాటును ప్రశ్నించుచు సుప్రీముకోర్టులో మరల అర్జీ పడెను. 2025 జనవరిలో సుప్రీముకోర్టు, పునరుద్ధరణ డిక్రీని పాటింపలేదను నంతమాత్రమున భార్యకు భరణము నిరాకరింపరాదనియు, ఆమె రాకపోవుటకు గల కారణమును విచారింపవలెననియు నిర్ణయించెను. ఆస్తిజప్తు నిబంధన సివిలు ప్రక్రియాస్మృతిలో 21వ ఆర్డరు 32వ నియమముగా నట్లే యున్నది.