జ్ఞాపకం చెదిరినా గౌరవం చెదరకూడదు

తాళంచెవి ఎక్కడ పెట్టారో మరచిపోవడం వేరు. అది దేనికి ఉపయోగపడుతుందో తెలియకపోవడం వేరు. మొదటిది ఏ వయసులోనైనా సహజం. రెండోది డిమెన్షియా లక్షణం కావచ్చు. 'పెద్దతనం కదా' అని సరిపెట్టుకుని అనేక కుటుంబాలు వైద్యుడి వద్దకు వెళ్లడంలో జాప్యం చేస్తున్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 5.7 కోట్ల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు. భారతదేశంలో 60 ఏళ్లు దాటిన వారిలో సుమారు 88 లక్షల మంది దీని బారిన పడినట్లు 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. దీనికి ప్రధాన కారణం అల్జీమర్స్ వ్యాధి. దానిని పూర్తిగా నయం చేసే మందు లేదు. అయితే థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, కుంగుబాటు వల్ల వచ్చే మతిమరుపును చికిత్సతో తగ్గించవచ్చు. అందుకే తొలిదశలోనే పరీక్షలు అవసరం.

మాటే గాయం

తొలిదశలో తమ పొరపాట్లు బాధితులకు తెలుస్తూనే ఉంటాయి. నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయంతో చాలామంది మాటలు తగ్గించి మూలకు చేరతారు. బాధితుల స్థితిని మెదడులోని లోపం ఒక్కటే నిర్ణయించదని, చుట్టూ ఉన్నవారి తీరు కూడా నిర్ణయిస్తుందని బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ కిట్‌వుడ్ 1997లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. పసిపిల్లల్లా చూడటం, తొందరపెట్టడం, ఎదుటే ఉన్నా లేనట్లు వారి గురించి మాట్లాడుకోవడం వంటివి వారి వ్యక్తిత్వాన్ని దెబ్బతీస్తాయని ఆయన హెచ్చరించారు.

'నేనెవరో చెప్పు చూద్దాం' అంటూ పరీక్ష పెట్టడం ఇళ్లలో సర్వసాధారణం. జవాబు తోచక పెద్దవారు చిన్నబోతారు. దానికి బదులు 'తాతయ్యా, నేను మీ పెద్దమ్మాయి కొడుకుని' అని ముందే చెబితే ఆ ఇబ్బంది ఉండదు. చనిపోయిన భార్య కోసం వెతికే తండ్రికి ఆమె మరణవార్త పదేపదే వినిపిస్తే ప్రతిసారీ అది కొత్త దుఃఖమే. 'అమ్మ గుర్తొచ్చిందా నాన్నా?' అని ఆమె ముచ్చట్లు కదిపితే మనసు కుదుటపడే అవకాశం ఉంది.

చేతనైన పని చేయనివ్వాలి

అల్జీమర్స్‌లో సాధారణంగా ఇటీవలి జ్ఞాపకాలు ముందుగా చెదిరిపోతాయి. బాల్య స్మృతులు, ఇష్టమైన పాటలు, చేతికి అలవాటైన పనులు ఎక్కువ కాలం నిలుస్తాయి. కుటుంబ సభ్యులు వీటినే ఆసరాగా చేసుకోవాలి.

* బియ్యం ఏరడం, పూలు కట్టడం, బట్టలు మడతపెట్టడం వంటి పనులు అప్పగించాలి. తప్పులు ఎంచకూడదు.
* విశ్రాంత ఉపాధ్యాయుడిని 'మాస్టారూ' అని పిలవడం వంటి చిన్న పలకరింపు కూడా ఆయన ఎవరో ఆయనకు గుర్తుచేస్తుంది.
* 'ఏం తింటారు?' అని కాక 'ఇడ్లీయా, ఉప్మాయా?' అని అడిగితే ఎంచుకోవడం సులువు. నిర్ణయం వారిదే అవుతుంది.
* పాత ఫొటోల కింద పేర్లు పెద్ద అక్షరాలతో రాసి అందుబాటులో ఉంచాలి.
* పంచె, బొట్టు, గాజులు వంటి అలవాట్లను వీలైనంత వరకు కొనసాగించాలి. స్నానం, దుస్తుల మార్పిడి సమయంలో తలుపు వేయడం మరవకూడదు.

భారం ఒక్కరిదే కాదు

చాలా ఇళ్లలో ఈ సేవ కోడలు లేదా కుమార్తె ఒక్కరిపైనే పడుతోంది. అలసట ముదిరితే ఓర్పు నశించి, కసురుకోవడం మొదలవుతుంది. మిగిలిన వారు వారంలో కొన్ని గంటలైనా బాధ్యత పంచుకుంటే పెద్దల గౌరవం, సేవకుల ఆరోగ్యం రెండూ నిలుస్తాయి. వృద్ధుల కోసం ఏర్పాటైన జాతీయ సహాయవాణి 14567కు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు.