భూగర్భ ఇంధనాలు, ద్రావణుల నియంత్రణ: క్వీన్స్‌లాండ్ నేర్పిన పాఠం

తవుడు నుండి నూనె తీసే విధానం తెలుగు నేలపై చాలామందికి పరిచితమైనదే. తవుడులో నూనె సుమారు ఐదవ వంతు మాత్రమే. గానుగకు అది సులభంగా లొంగదు. అందువలన కర్మాగారాలలో తవుడును హెక్సేన్ అనే ద్రావణితో తడుపుతారు. నూనె హెక్సేన్‌లో కరిగి తవుడును విడిచి వస్తుంది. ఆ మిశ్రమాన్ని వేడి చేస్తే సుమారు 69 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే హెక్సేన్ ఆవిరై పోతుంది, నూనె మిగులుతుంది. ఆవిరిని చల్లబరచి మరల వాడుకుంటారు. శుద్ధి చేసిన వంట నూనెలో మిగిలే హెక్సేన్ పది లక్షల భాగాలలో 5 భాగాలకు మించరాదని భారతదేశపు ఆహార భద్రతా నిబంధన.

ఈ పరిశ్రమను నియంత్రించే అధికారి అడగవలసిన ప్రశ్న నిజానికి ఒక్కటే. లోపలికి పంపిన ద్రావణిలో తిరిగి వచ్చినదెంత? రానిది ఎక్కడ ఉన్నది? ఉక్కు పాత్రలో, మూత బిగించి, గొట్టాలు అమర్చి చేసే పనిలో ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం కష్టం కాదు. అదే పనిని భూగర్భంలో చేసినప్పుడు సమాధానం అంత తేలికగా లభించదు. అక్కడ పాత్ర రాతిపొర. దాని గోడలను ఎవరూ చూడలేదు.

అల్బెర్టా తారు ఇసుకలు

కెనడా దేశంలోని అల్బెర్టా రాష్ట్రంలో ఇసుక రేణువులకు బిట్యుమెన్ అనే చిక్కని తారు అంటుకొని ఉన్న విశాలమైన నిక్షేపాలున్నాయి. ఇసుక బరువులో తారు సుమారు పదవ వంతు. నిల్వలలో ఐదింట నాలుగు వంతులు తవ్వకానికి అందనంత లోతున ఉన్నాయి. రోజర్ బట్లర్ అనే ఇంజనీరు రూపొందించిన విధానంలో రెండు బావులను ఒకదాని క్రింద ఒకటిగా అడ్డంగా తొలిచి, పై బావి ద్వారా నీటి ఆవిరి పంపుతారు. వేడికి పలుచబడిన తారు క్రింది బావిలోకి జారుతుంది. అయితే ఆ ఆవిరి తయారీకి నీరు, సహజవాయువు విస్తారంగా ఖర్చవుతాయి. ఆవిరికి బదులుగా గాని, ఆవిరితో కలిపి గాని ప్రొపేన్, బ్యూటేన్ వంటి తేలికపాటి హైడ్రోకార్బన్లను పంపితే ఆ ఖర్చు తగ్గుతుంది. ఈ పద్ధతిని వాడే ఒక వాణిజ్య ప్రాజెక్టు 2024లో కోల్డ్ లేక్ ప్రాంతంలో ఉత్పత్తి ప్రారంభించింది.

ద్రావణి ఖరీదైన వస్తువు. కనుక దానిని తిరిగి రాబట్టుకోవాలన్న ఆసక్తి సంస్థకే ఉంటుంది. కాని ఈ ఆసక్తికి ఒక హద్దు ఉంది. చివరి కొద్ది భాగాన్ని రాబట్టే ఖర్చు దాని విలువను మించిన క్షణాన సంస్థ చేయి వెనుకకు తీసుకుంటుంది. చట్టం అవసరం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. అల్బెర్టాలో తవ్వి తీసిన తారును ద్రావణితో శుద్ధి చేసే సంస్థలకు, ప్రతి 1000 పీపాల తారుకు నష్టపోయే ద్రావణి 4 పీపాలకు మించరాదన్న షరతు విధించారు.

రెండవ షరతు పీడనానికి సంబంధించినది. 2006 మే నెలలో జోస్లిన్ అనే చోట భూగర్భంలోకి పంపిన ఆవిరి పైకప్పు వంటి శిలను చీల్చుకొని ఉపరితలానికి ఎగదన్నింది. అటుపిమ్మట 2016లో, అథబాస్కా ప్రాంతంలోని లోతు తక్కువ నిక్షేపాలలో ఆవిరి పీడనం పైకప్పు శిల చీలడానికి కావలసిన పీడనంలో 80 శాతాన్ని దాటరాదని నియంత్రణ సంస్థ నిర్ణయించింది.

క్వీన్స్‌లాండ్ అనుభవం

ఆస్ట్రేలియాలో అల్బెర్టాను పోలిన తారు ఇసుక పరిశ్రమ లేదు. కాని ఇవే రెండు ప్రశ్నలు, అనగా రానిది ఎక్కడ ఉన్నది, పీడనం ఎంత ఉండాలి అనేవి, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో బొగ్గు విషయంలో ఎదురైనాయి. లోతున ఉన్న బొగ్గును తవ్వి తీయకుండా, బావి ద్వారా గాలి పంపి, అక్కడనే పాక్షికంగా మండించి, పుట్టిన ఇంధన వాయువును మరొక బావి ద్వారా పైకి తెచ్చే విధానాన్ని భూగర్భ గ్యాసిఫికేషన్ అంటారు. ఇందులో ద్రావణిని ఎవరూ లోపలికి పోయరు. బొగ్గు వేడెక్కినప్పుడు బెంజీన్, టోలుయీన్ వంటి ద్రావణులు అక్కడే జనిస్తాయి.

బెంజీన్ క్యాన్సర్ కారకమని నిర్ధారితమైన పదార్థం. ఆస్ట్రేలియా త్రాగునీటి మార్గదర్శకాల ప్రకారం లీటరు నీటిలో అది ఒక మైక్రోగ్రాము, అనగా గ్రాములో పది లక్షలవ వంతు, మించరాదు. ఒక లీటరు బెంజీన్ బరువు సుమారు 876 గ్రాములు. లెక్క వేస్తే, ఆ ఒక్క లీటరు 87 కోట్ల లీటర్ల నీటిని ఈ హద్దుకు చేర్చగలదు. పశువులకు, పైరులకు బోరు నీటినే నమ్ముకున్న మెట్ట ప్రాంతపు రైతుకు ఈ అంకె అర్థం వివరించనక్కర లేదు.

క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 2009లో మూడు ప్రయోగాత్మక కేంద్రాల ఫలితాలను పరిశీలించి విధానం నిర్ణయించాలని తలచింది. వాటిలో ఒకటి వేరుశనగ పంటకు పేరుపొందిన కింగరాయ్ పట్టణం చెంత కౌగర్ ఎనర్జీ సంస్థ నెలకొల్పినది. 2010 మార్చిలో నిప్పు రాజుకొన్న కొద్ది రోజులకే ఉత్పత్తి బావి దెబ్బతిన్నది. తరువాత పరిశీలక బోర్లలో బెంజీన్, టోలుయీన్ జాడలు కనిపించాయి. జూలైలో ప్రభుత్వం పని నిలిపివేయించింది, మరల ప్రారంభం కానివ్వలేదు. అదే సంవత్సరం, బావులలో రాతిని పగులగొట్టడానికి వాడే ద్రవాలలో బెంజీన్, టోలుయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్‌లను వాడరాదని రాష్ట్రంలో చట్టం వచ్చింది.

చించిల్లా వద్ద జరిగినది ఇంతకన్న తీవ్రమైనది. పుచ్చకాయలు పండే ఆ ప్రాంతంలో లింక్ ఎనర్జీ సంస్థ 1999 చివర మొదలుపెట్టి 2013 వరకు అయిదు గ్యాసిఫయర్లను నడిపింది. బొగ్గు పొర సుమారు 130 మీటర్ల లోతున ఉన్నది. నీటి మట్టం క్రింద ప్రతి పది మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది గనుక, అంత లోతున చుట్టూ ఉన్న భూగర్భ జలపు పీడనం పదమూడు వాతావరణాల లోపున ఉంటుంది. చిల్లుల కుండను బావిలో ముంచితే నీరు లోపలికి వస్తుంది. గొట్టంతో లోపలికి బలంగా గాలి ఊదితే బుడగలు వెలుపలికి పోతాయి. గ్యాసిఫయరు కూడ ఇటువంటిదే. లోపలి పీడనం నీటి పీడనం కన్న తక్కువగా ఉన్నంతకాలం నీరు లోపలికి వస్తుంది, కాలుష్యం లోపలనే నిలుస్తుంది. ఎక్కువైతే వాయువులు, వాటితో పాటు బెంజీన్ వంటివి వెలుపలికి పోతాయి. మరీ ఎక్కువైతే రాయి చీలుతుంది.

చించిల్లాలో హద్దు మించిన పీడనంతో రాతిని చీల్చి వాయువులు తప్పించుకొనేలా చేశారన్నదే సంస్థపై అభియోగం. 2015లో చుట్టుప్రక్కల 300 చదరపు కిలోమీటర్లకు పైగా భూమిలో రెండు మీటర్లకు మించి తవ్వే పనులపై ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. రైతు తన పొలంలో లోతుగా గుంట తీయడానికి జంకవలసిన స్థితి ఏర్పడింది. 2018 ఏప్రిల్‌లో బ్రిస్బేన్ జిల్లా న్యాయస్థానంలో, 2007, 2013 సంవత్సరాల మధ్య బుద్ధిపూర్వకంగా తీవ్రమైన పర్యావరణ హాని కలిగించిందన్న అయిదు నేరాలు రుజువైనాయి. మరుసటి నెల 45 లక్షల డాలర్ల జరిమానా పడింది. కాని అప్పటికే సంస్థ దివాలా తీసి రెండేండ్లయింది.

మూసివేత పరీక్ష

ఈ వ్యవహారమంతటిలో శాస్త్రీయంగా మిక్కిలి విలువైన సూచన 2013లోనే వచ్చింది. ప్రభుత్వం నియమించిన స్వతంత్ర శాస్త్రజ్ఞుల సంఘం ఈ విధానం సూత్రరీత్యా అసాధ్యమని చెప్పలేదు. వాణిజ్య ఉత్పత్తికి ముందు, మండించిన గుహను సురక్షితంగా చల్లార్చి, శుభ్రపరచి, మూసివేయగలమని సంస్థలు చేసి చూపాలని మాత్రం కోరింది. ఆరంభించగలమని నిరూపించుట తేలిక. ముగించగలమని నిరూపించుటయే అసలు పరీక్ష. చివరకు 2016 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఈ విధానాన్ని రాష్ట్రమంతటా నిషేధించింది. మూసివేత వ్యయాన్ని సంస్థతో సంబంధమున్న ఇతరులపై కూడ మోపే అధికారాన్ని అదే సంవత్సరం చట్టం కల్పించింది. 2018 నాటి మరొక చట్టం పునరుద్ధరణకు కావలసిన ఆర్థిక హామీని ముందుగానే సమకూర్చే ఏర్పాటు చేసింది.

నిషేధమే ఏకైక మార్గమని దీని అర్థం కాదు. పొరుగున ఉన్న సౌత్ ఆస్ట్రేలియా 2018, 2019 సంవత్సరాలలో లీ క్రీక్ వద్ద ఇటువంటి ప్రయోగానికే అనుమతి ఇచ్చింది. రాతి స్వభావం, నీటి ఉనికి చోటుచోటుకు మారుతాయి. మారనిది నియంత్రణ వరుస. నిప్పు రాజేయక ముందే భూగర్భ జలాల సహజ స్థితిని కొలిచి ఉంచాలి. పీడనానికి హద్దు విధించాలి. లోపల మిగిలే ద్రావణులకు లెక్క చెప్పించాలి. మూసివేత పరీక్షలో నెగ్గినవారికే విస్తరణకు అనుమతి ఇవ్వాలి. శుద్ధికి కావలసిన సొమ్మును సంస్థ బ్రతికి ఉండగానే ప్రభుత్వం తన వద్ద ఉంచుకోవాలి.

ఈ విషయం ఆస్ట్రేలియాకు మాత్రమే పరిమితమైనది కాదు. భారత ప్రభుత్వం భూగర్భ గ్యాసిఫికేషన్‌కు 2015లో విధానం ప్రకటించింది. 2024 జూన్‌లో జార్ఖండ్‌లోని కస్తా వద్ద తొలి ప్రయోగాత్మక ప్రాజెక్టు ఆరంభమైనది. చించిల్లా తొలి ప్రయోగానికి సాంకేతికత అందించిన కెనడా సంస్థే అక్కడ కూడ భాగస్వామి. తవ్వకానికి అందని లోతైన బొగ్గు పొరలు తెలంగాణలోని గోదావరి లోయలోనూ ఉన్నాయి. వాటి మీదుగా గోదావరి, ప్రాణహిత నదుల పరీవాహక భూములు, వేల పల్లెల బోర్లు ఉన్నాయి. ఆ పొరలను వాయువుగా మార్చే ఆలోచన ఎప్పుడైనా అనుమతి కోసం అధికారుల ముందుకు వస్తే, ఎంత ఇంధనం లభిస్తుందన్న ప్రశ్నకు ముందు, లోపల మిగిలేది ఎంత, దానిని ఎవరు, ఎవరి సొమ్ముతో శుభ్రపరుస్తారు అన్న ప్రశ్న అడగడానికి క్వీన్స్‌లాండ్ రైతుల అనుభవమే తగిన ఆధారం.