కుక్క నాకితే పుండు మానుతుందా?

మొన్న గ్రౌండ్‌లో క్రికెట్ ఆడుతూ పడి మా రూమ్మేట్ మోకాలు గీరుకుపోయింది. హాస్టల్ కుక్క బ్రౌనీ వచ్చి ఆ దెబ్బని నాకేసింది. "ఏం కాదులేరా, కుక్క నాకితే పుండు తొందరగా మానుద్ది" అన్నాడు ఇంకొకడు. నిజమేనా? తేలాలంటే కుక్క లాలాజలంలో ఏ ఎంజైమ్ ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

కుక్కకి పెద్ద లాలాజల గ్రంథులు నాలుగు జతలు. చెవి కింద, దవడ మూల దగ్గర, నాలుక కింద ఉండే మూడూ మనకీ ఉన్నాయి. కంటి కింద, చెంప ఎముక లోపలివైపు ఉండే నాలుగోది మాత్రం మనకి లేదు.

అన్నం నమిలేకొద్దీ మనకి తియ్యగా అనిపిస్తుంది కదా, అది అమైలేజ్ పని. మన చెవి కింది గ్రంథి దాన్ని దండిగా తయారుచేస్తుంది. కుక్క లాలాజలంలో అది దాదాపు లేనట్టే. మరి బ్రౌనీ పెరుగన్నం ఎలా అరిగించుకుంటోంది? దాని అమైలేజ్ క్లోమంలో తయారై చిన్నపేగులోకి వస్తుంది. ఆ జన్యువు తోడేలుకి రెండు కాపీలే ఉంటే, కుక్కలకి 4 నుంచి 30 దాకా ఉన్నాయని 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. మనిషి పంచన చేరి మన తిండి తిన్న ఫలితం అన్నమాట!

దవడ దగ్గరి గ్రంథిలో ఇంకో విశేషం ఉంది. లాలాజలం ఊరే కణాలు వేరు, దాన్ని నోటికి చేర్చే సన్నటి గొట్టాలు వేరు. ప్రోటీన్లని కత్తిరించే కల్లిక్రీన్ అనే ఎంజైమ్ ఆ గొట్టాల గోడ కణాల్లో, లాలాజలం పారే వైపు అంచున పోగై ఉంటుంది. చూడ్డానికి ఒకటే గ్రంథి, లోపల మాత్రం ఎవరి సెక్షన్ వాళ్లదే.

ఇక పుండు సంగతి. కుక్క లాలాజలంలో లైసోజైమ్ ఉంటుంది, అది బ్యాక్టీరియా గోడని కోసేస్తుంది. ల్యాబ్‌లో కొన్ని రకాల బ్యాక్టీరియాని కుక్క లాలాజలం చంపిన మాటా నిజమే. కానీ వైరస్‌కి అసలు ఆ గోడే ఉండదు. రేబిస్ వైరస్ మెదడు నుంచి నరాల వెంట ఇవే గ్రంథులకి చేరి, లాలాజలంతో బయటికొస్తుంది. అదీ కుక్కలో జబ్బు కనపడడానికి కొన్ని రోజుల ముందు నుంచే.

అందుకే చర్మం చిట్లిన చోట కుక్క నాకడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కరిచిన గాయంతో సమానంగా, మూడో కేటగిరీలో పెట్టింది. సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికెళ్లి వ్యాక్సిన్, దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ వేయించుకోవాలి. లక్షణాలు మొదలైతే బతకడం దాదాపు అసాధ్యం.

మావాణ్ణి ఆ సాయంత్రమే లాక్కెళ్లాం, మొదటి డోసు పడింది. ఇక బ్రౌనీకి వేయించాలి. హాస్టల్‌లో చందాలు మొదలుపెట్టాం, మీరూ ఓ చెయ్యి వేయండి.